తుంటి శస్త్రచికిత్స అనంతరము మరల నడక నేర్చుట

వృద్ధాప్యమున కలుగు ఆపదలలో తుంటి ఎముక విరుగుట వంటిది మరియొకటి లేదు. ముంజేయి విరిగినవారు కట్టుతోనే ఇంట తిరుగగలరు. తుంటి విరిగినవారు మాత్రము ఆ క్షణము నుండియే మంచమునకు పరిమితులగుదురు. మంచము పట్టిన వృద్ధులకు ఆకలి మందగించుట, మలబద్ధము, వీపు పుండ్లు, ఊపిరితిత్తులలో శ్లేష్మము చేరుట ఒకదాని వెనుక ఒకటిగా సంభవించును. కనుక ఈ వ్యాధిలో విరిగిన ఎముక కంటె ఆగిపోయిన నడకయే ఎక్కువ ప్రమాదకరమని గృహస్థులు మొదటనే గ్రహింపవలెను.

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతముల రాతిగుట్టల నడుమ అంతస్తుల మీద అంతస్తులు లేచినవి. అక్కడ ఉద్యోగములు చేయు పిల్లల వద్దకు కోనసీమ నుండి, గుంటూరు నుండి, కరీంనగర్ నుండి, అనంతపురము నుండి తల్లిదండ్రులు వచ్చి ఉండుచున్నారు. గరుకు బండలకు అలవాటుపడిన పాదములకు నున్నని టైల్స్, తడిసిన స్నానపు గది, రాత్రివేళ తెలియని చీకటి శత్రువులగుచున్నవి. ఇట్లు పడి, శస్త్రచికిత్స చేయించుకొని నా వద్దకు వచ్చువారి కుటుంబసభ్యులు అడుగు ప్రశ్నలు దాదాపు ఒక్కటే: "ఎన్నాళ్లు మంచం మీద ఉంచాలండీ? ఏ తైలం రాయాలి? పుత్తూరు కట్టు వేయిస్తే మంచిదేమో?" ఈ వ్యాసమున వీనికి వరుసగా సమాధానము చెప్పెదను.

ఉలూఖల సంధి

సుశ్రుతాచార్యుడు శారీరస్థానము ఐదవ అధ్యాయమున శరీరమునందలి సంధులను 210గా లెక్కించి, వానిని ఎనిమిది విధములుగా విభజించెను. తుంటికీలు వానిలో ఉలూఖల సంధి. ఉలూఖలమనగా రోలు. మా గురువుగారు ఈ పాఠము చెప్పునపుడు పుస్తకము మూసి, శిష్యులను పెరటిలోని రుబ్బురోలు వద్దకు తీసికొనిపోయి పొత్రమును అన్ని వైపులకు త్రిప్పి చూపిరి. తొడ ఎముక యొక్క గుండ్రని తల పొత్రము; కటి ఎముకలోని గుంట రోలు. ఈ అమరిక వలననే మనము నడువగలము, కూర్చుండగలము, బాసిపట్టు వేయగలము, కాలు పక్కకు చాపగలము.

పొత్రమునకు మెడ వంటి సన్నని భాగము ఒకటి కలదు. వయస్సు మీరినవారిలో, ముఖ్యముగా ముట్లుడిగిన స్త్రీలలో, ఎముక బోలుపడినపుడు చిన్నపాటి పాటుకే ఆ మెడ విరుగును. మెడ విరిగినపుడు ఎముక తలకు రక్తము చేరు మార్గము తెగుట చేత అది అతుకుట కష్టము. కనుక శస్త్రవైద్యులు ఆ తలను తీసివేసి లోహముతో చేసిన తలను అమర్చుదురు. అవసరమైనచో గుంటను కూడ మార్చుదురు. ఇంగ్లండు దేశమున సర్ జాన్ చార్న్‌లీ 1962లో రూపొందించిన పద్ధతియే నేటి తుంటికీలు మార్పిడికి పునాది. మెడకు క్రిందిభాగమున విరిగినచో ఎముకను తీయక, లోపల కడ్డీ లేక పట్టీ వేసి మరలతో బిగింతురు. మీ ఇంటి రోగికి జరిగినది ఈ రెండింటిలో ఏదియో ఆసుపత్రి కాగితమును చూచి తెలిసికొనుడు. కాలిపై ఎంత బరువు మోపవచ్చునో దానిని బట్టియే ఉండును.

శాస్త్రము చెప్పిన పడక, నేటి నడక

సుశ్రుత సంహిత చికిత్సాస్థానము మూడవ అధ్యాయము భగ్న చికిత్స. తొడ, పిక్క ఎముకలు విరిగినవానిని పలక మీద పరుండబెట్టి, సంధికి ఇరువైపుల రెండేసి, అరికాలి వద్ద ఒకటి చొప్పున ఐదు మేకులు పాతి, కాలు కదలకుండ బంధింపవలెనని అందు కలదు. దీనికి కపాట శయనమని పేరు. ఇప్ప, మేడి, రావి, మోదుగ, తెల్లమద్ది, వెదురు, మర్రి మొదలగువాని పట్టలను, బద్దలను కట్టుకు వాడవలెననియు, చలికాలమున ఏడు దినములకు, సాధారణ ఋతువులలో ఐదు దినములకు, వేసవిలో మూడు దినములకు ఒకసారి కట్టు మార్చవలెననియు చెప్పబడినది. సంధి స్థిరపడుటకు యౌవనమున ఒక నెల, నడివయస్సున రెండు నెలలు, వార్ధక్యమున మూడు నెలలు పట్టును.

ఇది చదివిన కొందరు, శాస్త్రమే మూడు నెలలు పడుకొనుమన్నది కదాయని రోగిని లేవనీయరు. ఇది శాస్త్రమును సగము చదువుట. ఆ కాలమున విరిగిన తొడ ఎముకను లోపలి నుండి పట్టి ఉంచు సాధనము లేదు. కదలకుండ ఉంచు పని అంతయు వెలుపలి పలకయు, కట్టును చేయవలసి వచ్చెను. నేడు ఆ పనిని లోపల అమర్చిన లోహము చేయుచున్నది. శాస్త్రము కోరినది స్థిరత్వము. పడక దానికి నాటి ఉపాయము మాత్రమే. స్థిరత్వము శస్త్రచికిత్సతో సిద్ధించిన పిమ్మట పడకతో పని లేదు. పైగా కదలిక లేని దేహమున మాంసము క్షీణించును, రక్తము గడ్డకట్టును.

ఇందుకు మన కనుల ముందే జరిగిన ఉదాహరణ కలదు. 2023 డిసెంబరు 7 రాత్రి తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావు గారు ఎర్రవల్లిలోని తమ వ్యవసాయ క్షేత్రమున జారిపడగా ఎడమ తుంటి విరిగినది. అప్పటికి వారి వయస్సు 69 సంవత్సరములు. మరునాడే, అనగా డిసెంబరు 8న, హైదరాబాదు సోమాజిగూడలోని యశోద ఆసుపత్రిలో తుంటికీలు మార్పిడి జరిగినది. ఆ మరుసటి దినముననే వైద్యులు వారిని వాకర్ సాయముతో నడిపించిన దృశ్యమును టెలివిజనులో ఎందరో చూచిరి. డిసెంబరు 15న ఇంటికి చేరిరి. కోలుకొనుటకు ఆరు నుండి ఎనిమిది వారములు పట్టునని వైద్యులు చెప్పియుండిరి. 2024 ఫిబ్రవరి 1న చేతికర్ర ఊతముగా వచ్చి శాసనసభ్యునిగా ప్రమాణస్వీకారము చేసిరి. శస్త్రము జరిగి నాటికి ఎనిమిది వారములు కావచ్చినది. తొందరగా శస్త్రము, మరునాడే అడుగు, వారముల తరబడి క్రమశిక్షణ అను మూడు మెట్లు ఇందు స్పష్టముగా కానవచ్చుచున్నవి.

పుత్తూరు కట్టు సంగతి

చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు తెలుగువారందరు ఎరిగినదే. చేయి విరిగినపుడు పట్టుకొని కట్టుటకు ఎముక చర్మమునకు దగ్గరగా ఉండును. తుంటికీలు అట్లు కాదు. దాని చుట్టును దట్టమైన కండలు కలవు. వెలుపలి నుండి ఎంత నేర్పుతో కట్టినను ఆ మెడ కదలక నిలువదు. కనుక తుంటి విరిగినదని అనుమానము కలిగినపుడు, అనగా పడిన వెంటనే లేవలేకపోవుట, కాలు పొట్టిగా కనబడుట, పాదము వెలుపలికి తిరిగియుండుట చూచినపుడు, కట్టునకు గాని మర్దనకు గాని కాలము వ్యర్థపరుపక నేరుగా ఆసుపత్రికి చేర్పవలెను. ఒకటి రెండు దినములలో శస్త్రము జరుగుట మేలు. కీలు మార్చిన పిమ్మట ఎవరిచేతను కాలు లాగించుట, నరములు సరిచేయించుట కూడదు. అమర్చిన తల గుంట నుండి జారిపోవును.

ప్రేమతో చేయు అపకారము

డెబ్బది రెండేండ్ల విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరు కొండాపూరులో కుమారుని ఇంట పడి, కీలు మార్పించుకొనిరి. కుమారుడు, కోడలు ఇరువురును రాత్రివేళ విదేశముల వారితో పనిచేయు ఉద్యోగులు. తాము నిద్రించు పగటివేళ అమ్మ మరల పడునేమోయను భయముతో మంచము దిగనీయక, పక్కలోనే భోజనము, పక్కలోనే మలమూత్రములు ఏర్పాటు చేసిరి. ఆరు వారముల తరువాత నన్ను పిలిచిరి. గాయము చక్కగా మానినది; ఎముకకు ఏ లోపము లేదు. కాని తొడ కండ పలుచబడి, నిలువబెట్టగానే కాళ్లు వణకినవి. "నాకు కాలు లేదనిపిస్తోంది బాబూ" అని ఆమె పలికిరి. ఆసుపత్రి వారు ఇచ్చిన వ్యాయామ పత్రము మడత విప్పకయే సొరుగులో ఉన్నది.

దానినే బయటకు తీయించి, ఫిజియోథెరపిస్టును రప్పించి, మొదటి దినము పది అడుగులతో ఆరంభించితిమి. ఆరు వారములలో కావలసిన నడకకు ఆమెకు మొత్తము ఐదు నెలలు పట్టినది. ఇప్పుడు లిఫ్టులో దిగి అపార్టుమెంటు ఆవరణలో రెండు చుట్లు నడచుచున్నారు. వంగి ముగ్గు వేయరాదు గనుక కుర్చీలో కూర్చుండి మనుమరాలిచే వేయించుచున్నారు. బిడ్డల ప్రేమలో లోపము లేదు. ఆ ప్రేమకు దారి చూపువారు లేకపోయిరి.

నడక క్రమము

ఈ క్రిందివి సామాన్య సూత్రములు. మీ శస్త్రవైద్యుడు వేరుగా చెప్పినచో ఆయన మాటయే ప్రమాణము.

మొదటి వారము: పడుకొనియున్నపుడే పాదములను పైకి, క్రిందికి గంటకొకసారి పదిమార్లు ఆడింపవలెను. దీనివలన పిక్కలలో రక్తము నిలువదు. తొడ ముందుకండను బిగించి ఐదు అంకెలు లెక్కించి వదలుట, పిరుదులను బిగించి వదలుట, మడమను పక్క మీద మెల్లగా జరుపుట, ఈ మూడింటిని పదేసి మార్లు దినమునకు మూడు పూటల చేయవలెను. వాకర్ పట్టి మంచము నుండి కుర్చీకి, కుర్చీ నుండి స్నానపు గదికి నడువవలెను.

రెండవ వారము నుండి ఆరవ వారము వరకు: ముందు వాకర్, తరువాత శస్త్రము జరిగిన కాలు, ఆపై మంచి కాలు. ఇదియే అడుగు వరుస. ఒకేసారి చాలసేపు నడచుట కంటె దినమునకు నాలుగైదు మార్లు కొద్దికొద్దిగా నడచుట మంచిది. మెట్లెక్కునపుడు మంచి కాలు ముందు, దిగునపుడు శస్త్రము జరిగిన కాలు ముందు.

ఆరవ వారము తరువాత: వైద్యుని అనుమతితో చేతికర్ర. కర్రను శస్త్రము జరిగిన వైపు కాక ఎదుటి చేతిలో పట్టవలెను. ఇది పలువురు తారుమారు చేయు విషయము. అప్పటికి ఆవరణలో నడక, తరువాత కొత్తగూడలోని బొటానికల్ గార్డెన్ వంటి చోట్ల ఉదయపు నడక సాధ్యమగును. పూర్తి బలము చేరుటకు మూడు నుండి ఆరు నెలలు పట్టును.

తెలుగునాట సులభమైన పనిని నల్లేరు మీద బండి నడకయందురు. ఈ నడక అట్టిది కాదు. కొన్ని దినములు ముందుకు, ఒక దినము వెనుకకు సాగును. నడచిన సాయంకాలము కొంత నొప్పి, వాపు సహజము. రాత్రి విశ్రాంతితో తగ్గినచో భయము లేదు.

కూర్చుండుట, పడుకొనుట

కీలు మార్చినవారు వైద్యుడు విడుదల చేయు వరకు, సాధారణముగా ఆరు నుండి పన్నెండు వారములు, మూడు నియమములు పాటింపవలెను. తుంటిని లంబకోణము కంటె ఎక్కువ వంచరాదు. కాలు మీద కాలు వేయరాదు. పాదమును లోపలి వైపునకు త్రిప్పరాదు. పడుకొనునపుడు తొడల నడుమ దిండు ఉంచవలెను.

మన ఇండ్లలో దీని అర్థము: పీట మీద కూర్చుండి పూజ చేయరాదు, నేలమీద భోజనము కూడదు, క్రిందకూర్చుండు మరుగుదొడ్డి వాడరాదు, సాష్టాంగ నమస్కారము తగదు. దేవుని మందసమును బల్ల మీదికి ఎత్తి కుర్చీలో కూర్చుండి పూజ చేసికొనవచ్చును. వ్రతమున భక్తికి భంగము రాదు. మోకాళ్ల కంటె ఎత్తుగా కూర్చుండునట్టి, చేతులు గల కుర్చీ కావలెను. మెత్తని సోఫా పనికిరాదు. కమోడుపై ఎత్తు పెంచు పీఠము అమర్చవలెను. స్నానపు గదిలో గోడకు పట్టుకమ్మీ, జారని చాప, కూర్చుండి స్నానము చేయు బల్ల, రాత్రి వెలుగు చిన్న దీపము, ఈ నాలుగును శస్త్రము జరుగక ముందే ఉన్న ఇండ్లలో పెద్దవారు పడుటయే తగ్గును. తివాచీలు, నేలమీది తీగలు, వదులైన చెప్పులు తొలగింపుడు.

ఆహారము

తక్కువ తినువానికి, నియమము లేనివానికి, వాతప్రకృతి గలవానికి విరిగిన ఎముక కష్టముగా అతుకునని సుశ్రుతుడు మొదటనే హెచ్చరించెను. వరి అన్నము, పాలు, నేయి, మాంసరసము, బఠాణి కట్టు వంటి పోషకాహారమును విధించి, ఉప్పు, పులుపు, కారము, క్షారము, ఎండు ఆహారము తగ్గింపుమనెను. పాలు, మాంసరసము, బఠాణి మూడును నేడు మనము ప్రొటీను అనుదానినే ఇచ్చును. దేహపు బరువులో కిలోకు 1 నుండి 1.2 గ్రాముల ప్రొటీను దినమునకు కావలెను. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము వైద్యుని అడిగి తీసికొనవలెను.

ఉదయము పాలతో రాగిజావ. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ఫలహారమునకు పెసరట్టు. మధ్యాహ్నము పాత బియ్యపు అన్నము, చిక్కని పప్పు, తోటకూర లేక మునగాకు, పెరుగు. సాయంకాలము ఒక నువ్వుల ఉండ. మధుమేహులు బెల్లము లేకుండ నువ్వుల పొడి. రాత్రి గోరువెచ్చని పాలు. మాంసాహారులకు గుడ్డు, చేప, మాంసపు చారు. నొప్పి మాత్రల వలన మలబద్ధము కలుగును గనుక రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్షను ఉదయము నీటితో సహా తీసికొనవలెను.

నల్లేరును శాస్త్రము అస్థిశృంఖల, అనగా ఎముకల గొలుసు అనును. లేత కాడలను చేతికి నూనె రాసికొని నార తీసి, నువ్వులనూనెలో బాగుగా వేయించి, మినపప్పు, కొద్ది చింతపండు చేర్చి పచ్చడి చేయుట మన ఇండ్లలో ఉన్నదే. బాగుగా వేయింపనిచో గొంతు దురద పుట్టును. వారమునకు రెండు మార్లు అన్నములో తినుట చాలును.

ఎండ విషయమున ఒక మాట. సుశ్రుతుడు భగ్నరోగికి ఎండను నిషేధించెను. అది తాపము పుట్టించు తీక్ష్ణమైన ఎండకు చెందినది. అద్దపు గోడల వెనుక ఏసీ గదిలో బ్రతుకు నేటి వారికి వేరొక లోపము కలదు. అద్దము గుండా వచ్చు ఎండ వలన విటమిన్ డి పుట్టదు. కనుక బాల్కనీలో నేరుగా కొంతసేపు ఎండ సోకనిచ్చి, రక్తపరీక్ష చేయించి, లోపమున్నచో వైద్యుడు చెప్పిన మాత్ర వాడవలెను.

తైలములు, ఔషధములు

కుట్లు తీసి, గాయము పూర్తిగా ఎండువరకు ఏ తైలమును దగ్గరకు చేర్చరాదు. ఆ తరువాత శస్త్రవైద్యుని అనుమతితో క్షీరబలా తైలము గాని మహానారాయణ తైలము గాని గోరువెచ్చగా చేసి, మచ్చను వదలి, తొడకును నడుమునకును మృదువుగా పూయవచ్చును. పిక్కలను గట్టిగా మర్దించరాదు. అచ్చట రక్తపు గడ్డ ఉన్నచో కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయము కలుగును. గాయము చుట్టును స్పర్శ తక్కువగా ఉండును గనుక కాపడము కూడదు.

లాక్షాగుగ్గులు, అశ్వగంధ, తెల్లమద్ది భగ్నరోగులకు మేము వాడు ఔషధములు. అయినను రక్తము గడ్డకట్టకుండ శస్త్రవైద్యుడు ఇచ్చు మాత్రలు వాడుచున్నంత కాలము, సాధారణముగా ఐదు వారముల వరకు, గుగ్గులు, అధికమాత్రలో వెల్లుల్లి, పసుపు, శొంఠి చూర్ణములు వాడకుడు. ఆ మాత్రలను మీ అంతట మీరు ఆపకుడు. మీరు వాడు ప్రతి మూలికను శస్త్రవైద్యునికి, ఆయన ఇచ్చు ప్రతి మాత్రను ఆయుర్వేద వైద్యునికి చూపవలెను. ఇద్దరిలో ఎవరికి దాచినను నష్టపోవునది రోగియే.

పేరులేని పొట్లములలో అమ్ము కీళ్లనొప్పుల చూర్ణములను ఎన్నడును కొనకుడు. కొన్నింట రహస్యముగా స్టెరాయిడ్లు కలుపుదురు. స్టెరాయిడ్ల అధిక వాడకము, మద్యపానము తొడ ఎముక తలకు రక్తము చేరకుండ చేసి దానిని కుళ్లబెట్టును. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ చికిత్సకై స్టెరాయిడ్లు వాడినవారిలో కొందరికి ఈ స్థితి కలిగినది. కనుక ఐటీ ఉద్యోగము చేయు యువకులైనను గజ్జలలో నొప్పి, కుంటు వారముల తరబడి ఉన్నచో కుర్చీ దోషమని ఉపేక్షింపక పరీక్ష చేయించుకొనవలెను.

వెంటనే ఆసుపత్రికి పోవలసిన సూచనలు

పిక్కలో వాపు, నొప్పి. హఠాత్తుగా ఆయాసము, రొమ్మునొప్పి. జ్వరము, గాయము ఎర్రబడుట, చీము లేక నీరు కారుట. అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి పుట్టి కాలు పొట్టిపడుట, నిలువలేకపోవుట. వీనిలో ఏది కనబడినను గృహవైద్యము చేయరాదు, మరునాటి వరకు వేచియుండరాదు. పంటిలో చీము, మూత్రమున మంట వంటి చిన్న వ్యాధులనైనను వెంటనే నయము చేసికొనవలెను. అచ్చటి క్రిములు రక్తము ద్వారా కొత్త కీలును చేరగలవు.

ఇంటిలోని వారికి

శస్త్రవైద్యుని పని గంట రెండు గంటలలో ముగియును. మిగిలిన పని మూడు నెలలు ఇంటిలోనే జరుగవలెను. కనుక ఇంటివారు పనిని పంచుకొనుడు: ఉదయపు వ్యాయామము ఒకరు, సాయంకాలపు నడక మరియొకరు. అందరు ఉద్యోగమునకు పోవు ఇంట పగటి పూటకు సహాయకురాలిని నియమించి, ఆమెకు మంచము మీద చాకిరి కాక నడిపించు పద్ధతి నేర్పింపుడు. రోగి చేతికందునట్లు గంట, ఫోను ఉంచుడు. నడచిన అడుగులను ఒక పుస్తకమున వ్రాసి పెట్టుడు. నిన్నటి కంటె నేడు పది అడుగులు పెరిగినవని కంటితో చూచుకొనుట ఏ రసాయనము ఈయలేని ధైర్యమునిచ్చును.

పెద్దవారిని లేపి నిలువబెట్టునపుడు వారి ముఖమున భయము కనబడును. "పడిపోతానురా" అందురు. అప్పుడు మరల పడుకోబెట్టుట సులభము. ఆ సులభమునకు లొంగక, పక్కన నిలిచి, వాకర్ మీద వారి చేతులు సరిగా ఉన్నవో లేవో చూచి, ఒక్క అడుగు వేయించుడు. ఆ ఒక్క అడుగుతోనే వారి స్వతంత్ర జీవనము మరల ఆరంభమగును.